పద్దెనిమిది గంటల లెక్క

రాత్రి ఎనిమిదిన్నరకు భోజనం ముగించి, పెద్ద గ్లాసుడు మంచినీళ్ళతో ఒక మాత్ర వేసుకోవడం మా బాబాయికి 2006 నుంచీ నియమం. సంధ్యావందనం ఎన్నడో మానేసిన మనిషి ఈ ఒక్క నియమాన్నీ నిష్ఠగా పాటిస్తున్నాడని మేమంతా నమ్మేవాళ్ళం. 2011లో మొదలుపెట్టి పదకొండు నెలలపాటు ఆయన దాన్ని పాటించలేదు. ఆ పదకొండు నెలలతో నాకొక సంబంధం ఉంది. చాలాకాలంగా రాద్దామనుకుంటూ, వాయిదా వేస్తూ వచ్చిన టపా ఇది. ఇందులో జీవరసాయనశాస్త్రం పాలు కాస్త ఎక్కువే. చదువరులు ఓపిక పట్టాలి. అది చెప్పకుండా నా తప్పేమిటో చెప్పడం కుదరదు.

బాబాయికి చిక్కడపల్లిలో, త్యాగరాయ గానసభకు దగ్గర్లో ఒక సందులో చిన్న అచ్చుకూటం ఉండేది. ఒక ట్రెడిల్ యంత్రం, కేసుల నిండా సీసపు అక్షరాలు, ఇద్దరు కంపోజిటర్లు. శుభలేఖలు, బిల్లుబుక్కులు, గానసభలో జరిగే సన్మానాలకు ఆహ్వానపత్రాలు, అప్పుడప్పుడు సొంత ఖర్చుతో పుస్తకం వేసుకునే కవులు. ఇల్లు అశోక్ నగర్‌లో. ఉస్మానియాలో ఎమ్మెస్సీ చదివిన రెండేళ్ళూ నేనా ఇంట్లోనే ఉన్నాను. సాయంత్రాలు నగర కేంద్ర గ్రంథాలయంలో చదువుకోవడం, ఆదివారాలు అచ్చుకూటంలో ప్రూఫులు దిద్దడం. తెలుగులో ఏ పదాన్ని ఎక్కడ విరవవచ్చో, ఎక్కడ విరవకూడదో నేర్పింది ఆ సీసపు వాసనే. మా పిన్ని మాత్రం ప్రూఫుల కాగితాలు ఇంటికి తెస్తే పొయ్యి రాజేయడానికి వాడేసేది.

2006 వానాకాలంలో బాబాయికి ఆకలి తగ్గింది. రెండు ముద్దలు తినేసరికి కడుపు నిండిపోయినట్టు ఉండేది. ఎడమ డొక్కలో బరువు. గ్యాసని కొన్నాళ్ళు, వయసని కొన్నాళ్ళు గడిపాక, వీధి చివరి డాక్టరు గారు పొట్ట నొక్కి చూసి, ఏమీ మాట్లాడకుండా రక్తపరీక్షకు రాశారు. నారాయణగూడలో ఒక ప్రయోగశాలలో రక్తం ఇచ్చి వచ్చాం. తెల్లకణాలు పదకొండు వేలకు మించకూడదు, 1,86,000 ఉన్నాయి. లెక్కలో సున్నా ఎక్కువ పడిందేమోనని బాబాయి అనుమానం. అచ్చుతప్పుల మధ్య బ్రతికిన మనిషి గదా. మూలుగ తీసి చూశాక పేరు తెలిసింది. క్రానిక్ మైలాయిడ్ లుకేమియా. ఆ ఎడమ డొక్కలో బరువు, ఉబ్బిపోయిన ప్లీహం.

ఆ రాత్రి బాబాయి నన్ను వరండాలో కూర్చోబెట్టి, "ఏరా, నువ్వు చదివిన చదువు ఇదే గదా, అసలు ఏమైందో నాకు అర్థమయ్యేట్టు చెప్పు" అన్నాడు. నాకు వెంటనే తోచింది అచ్చుకూటమే.

"మనిషి కణంలో ఇరవైమూడు జతల క్రోమోజోములుంటాయి బాబాయ్. ఒక పుస్తకమనుకో. తొమ్మిదో పుటా, ఇరవైరెండో పుటా కట్టి బల్ల మీద పెట్టావు. రెండూ జారి కింద పడ్డాయి. కంపోజిటరు కంగారులో ఎత్తి పేర్చేటప్పుడు తొమ్మిదో పుట అడుగుభాగం ఇరవైరెండో పుట కింద కట్టేశాడు, దాని అడుగుభాగం దీని కింద కట్టేశాడు. అక్షరం ఒక్కటీ పోలేదు. కానీ అతుకు పడిన చోట రెండు వాక్యాలు కలిసి, ఎవరూ రాయని కొత్త వాక్యం ఒకటి పుట్టింది. మూలుగలో ఒకే ఒక్క కణంలో జరిగిందిది. మిగతావన్నీ ఆ ఫారం మీద వేసిన ప్రతులు."

బాబాయి చాలాసేపు ఏమీ అనలేదు. "ఇరవైరెండో పుట పొట్టిదై ఉండాలి. కొలిచి చూసుకోలేదా ఎవరూ?" అన్నాడు చివరికి.

కొలిచారు. సరిగ్గా అలాగే దొరికింది. 1960లో ఫిలడెల్ఫియాలో నోవెల్, హంగర్‌ఫోర్డ్ అనే ఇద్దరు ఈ రోగుల కణాలలో ఒక క్రోమోజోము మరీ పొట్టిగా ఉండడం గమనించారు. పోయిన ముక్క ఎక్కడికి పోయిందో తెలియడానికి ఇంకో పదమూడేళ్ళు పట్టింది. షికాగోలో జానెట్ రౌలీ క్రోమోజోముల ఛాయాచిత్రాలను ఇంటికి తెచ్చుకుని, భోజనాల బల్ల మీద కత్తిరించి జతలు పేర్చుకుంటూ ఉండేదట. 1973లో ఆవిడే చెప్పింది, ముక్క పోలేదు, తొమ్మిదో దాని చివర అతుక్కుని ఉందని. బాబాయికి ఈవిడంటే గొప్ప గౌరవం ఏర్పడింది. కత్తెర, జిగురు, ప్రూఫు తెలిసిన మనిషని.

ఆ కొత్త వాక్యం కణంలో ఏం చేస్తుందన్నది తరువాతి ప్రశ్న. తొమ్మిదో క్రోమోజోము మీద ఏబుల్ అనే జన్యువు ఉంది. ఏబెల్సన్ అనే వైద్యుడి పేరు మీద ముందు ఒక ఎలుకల వైరసుకు, దాన్నించి ఈ జన్యువుకు ఆ పేరు వచ్చింది. అది తయారుచేసే ఎంజైము కైనేజుల కుటుంబానికి చెందినది. మనిషిలో ఇలాంటి కైనేజులు ఐదువందల పైచిలుకు ఉన్నాయి. వాటి పని వార్తలు మోయడం. కణం వెలుపల ఏదో జరుగుతుంది, ఆ సంగతి లోపల తెలియాలి. కైనేజు పోయి ఒక ప్రోటీనుకు చిన్న ఫాస్ఫేటు ముక్క తగిలిస్తుంది. అంతే. ఆ ముక్క తగలగానే ప్రోటీను ఆకారం మారుతుంది, అది పనికి లేస్తుంది, ఇంకోదాన్ని లేపుతుంది.

ఇది పిన్నికి నాకంటే బాగా అర్థమైంది. "బొట్టు పెట్టి పిలవడం లాంటిదన్నమాట" అంది. ఔను. మన పేరంటాల్లో కూడా నోటిమాట పిలుపు చాలదు. ఇంటికి పోయి నుదుట బొట్టు పెడితేనే పిలిచినట్టు. కైనేజు చేతిలో ఉన్నది కుంకుమ భరిణె. ఆ భరిణె పేరు ఏటీపీ. అందులోంచి చిటికెడు తీసి ప్రోటీను నుదుట పెడుతుంది. పని అయ్యాక ఆ బొట్టు చెరిపే ఎంజైములు వేరే ఉన్నాయి. పెట్టడం, చెరపడం రెండూ సరిగా సాగితేనే కణం ఒద్దికగా ఉంటుంది.

ఏబుల్‌ను బొత్తిగా దుర్మార్గుల జాబితాలో వేయడం అన్యాయం. ఆ జన్యువు లేకుండా పుట్టించిన ఎలుకపిల్లలు బలహీనంగా పుట్టి, చాలామట్టుకు కొద్దిరోజుల్లోనే చనిపోయాయి. కణానికి లోపల ఒక నులిపోగుల అస్థిపంజరం ఉంటుంది. కణం తన చోటును అంటిపెట్టుకుని ఉండాలా, కదలాలా అన్నదానికి తగ్గట్టు ఆ పోగులను సర్దడంలో ఏబుల్‌కు పాత్ర ఉంది. కేంద్రకంలోకి కూడా వెళ్తుంది. అక్కడ డీఎన్‌ఏ తెగినప్పుడు కణం స్పందించే తీరులో దాని చెయ్యి ఉంది. ఇన్ని పనులున్నది కనుకనే దాన్ని ఊరికే తిరగనివ్వరు. దాని తల భాగమే వెనక్కి మడిచి దాని నడుముకు గడియలా బిగుసుకుని ఉంటుంది. పిలుపు వస్తేనే గడియ ఊడుతుంది.

అతుకు పడిన ఎంజైములో ఆ తల భాగం పోతుంది. దాని స్థానంలో ఇరవైరెండో క్రోమోజోము తాలూకు బీసీఆర్ అనే ముక్క వచ్చి చేరుతుంది. ఆ ముక్కకు ఒకదానితో ఒకటి పెనవేసుకునే స్వభావం ఉంది కనుక ఇవన్నీ గుంపులుగా చేరి ఒకదాన్నొకటి రెచ్చగొట్టుకుంటాయి. ఇక గడియ లేదు. పెళ్ళీ లేదు, పేరంటమూ లేదు, పగలూ రాత్రీ ఇంటింటికీ పోయి బొట్టు పెట్టి రమ్మని పిలవడమే. మూలుగలో కణాలు పిలుపు లేకుండానే పెరుగుతాయి, చావవలసినప్పుడు చావవు, అంటిపెట్టుకోవలసిన చోటును వదిలి పచ్చిగా ఉండగానే నెత్తుట్లోకి వచ్చేస్తాయి. అదే ఆ 1,86,000.

"మొదటి పేరా ఎగిరిపోయింది. ఆపమని అక్కడే రాసుంది" అన్నాడు బాబాయి.

ఇక్కడ కొంచెం పక్కకు పోతాను. ఎమ్మెస్సీ మొదటి సంవత్సరంలో ఫాస్ఫరస్‌ను కొలిచే ప్రయోగం ఒకటి ఉండేది. గొట్టంలో మాలిబ్డేటు పోసి, దానికో క్షయకరణి కలిపి, నీలిరంగు ఎంత చిక్కగా వచ్చిందో చూసి ఫాస్ఫేటు ఎంత ఉందో లెక్కకట్టడం. దానిపేరు ఫిస్కే-సుబ్బారావు పద్ధతి. ఆ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. హార్వర్డులో ఫిస్కేతో కలిసి 1925లో ఆ పద్ధతి ప్రకటించాడు. దాని సాయంతోనే 1927లో కండరంలో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏటీపీ బయటపడ్డాయి. ఏటీపీని అదే ఏడు జర్మనీలో లోమన్ కూడా విడిగా కనుక్కున్నాడు. ఆ తరువాత లెడర్లీ ప్రయోగశాలల్లో ఆయన బృందం తయారుచేసిన అమైనాప్టెరిన్‌నే బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకు ఇచ్చి, కొన్నాళ్ళైనా వ్యాధిని వెనక్కి తగ్గించవచ్చని 1948లో చూపాడు. అదే ఏడు సుబ్బారావు చనిపోయాడు.

భరిణెను కనిపెట్టినవారిలో ఒకడు మనవాడు. కానీ ఆ భరిణెలో కుంకుమను ప్రోటీన్ల మీది టైరోసిన్ అనే చోట పెట్టే ఎంజైములున్నాయని తెలిసింది ఆయన పోయిన ముప్ఫైయేళ్ళకు, అదీ పొరపాటున. కాలిఫోర్నియాలో టోనీ హంటర్ 1979లో ఒక వైరసు ప్రోటీను మీద ప్రయోగం చేస్తూ కొత్త ద్రావణం కలుపుకోవడానికి బద్ధకించి పాతదే మళ్ళీ వాడాడట. పాతబడి దాని ఆమ్లత కాస్త మారింది. తాజా ద్రావణంలో అయితే ఒకచోటే కలిసి కనిపించవలసిన రెండు చుక్కలు విడివిడిగా కనిపించాయి. అందులో ఒకటి ఎవరూ ఎరగని టైరోసిన్ ఫాస్ఫేటు. కణంలోని ఫాస్ఫేటు బొట్లన్నిటిలో అది వెయ్యింట ఒకటి కూడా ఉండదు. అందుకే అన్నేళ్ళు దొరకలేదు. మరుసటి ఏడాదికల్లా ఏబుల్ వైరసు ప్రోటీను కూడా టైరోసిన్ మీదే బొట్టు పెడుతుందని తేలింది.

భరిణె తెలిసింది, చెయ్యి తెలిసింది. ఆ చెయ్యి భరిణెను పట్టుకునే పట్టులో ఇంకేదైనా ఇరికిస్తే? ఇమాటినిబ్ చేసేది అదే. ఏటీపీ కూర్చునే గుంటలో అది పోయి కూర్చుంటుంది. చెయ్యి ఉంది, కుంకుమ దొరకదు. అమెరికాలో ఓరెగన్‌లో బ్రయన్ డ్రుకర్ 1998లో మొదటి రోగులకు ఇచ్చాడు; 2001 మే నెలలో అనుమతి వచ్చింది. ఇక ధర సంగతి. నోవార్టిస్ వారి మందు మన దేశంలో అప్పట్లో నెలకు లక్షా ఇరవై వేలు ఉండేది. హైదరాబాదులో నాట్కో వారు 2003లో తెచ్చిన వీనాట్, తరువాత మరికొన్ని కంపెనీల మందులు నెలకు ఎనిమిది నుంచి పదివేలు ఉండేవి. 2006 జనవరిలో చెన్నైలోని పేటెంటు కార్యాలయం నోవార్టిస్ దరఖాస్తును తిరస్కరించింది; బాబాయికి జబ్బు బయటపడింది ఆ తరువాత కొన్ని నెలలకు. అచ్చుకూటం మీద నెలకు పదివేలు తియ్యగలడు, కష్టంగా. లక్షా ఇరవైవేలైతే ఈ టపాకు సందర్భమే ఉండేది కాదు.

మందు పనిచేసింది. మూడు నెలల్లో తెల్లకణాలు మామూలుకు వచ్చాయి, ప్లీహం లోపలికి పోయింది. 2009 నాటికి రక్తంలో ఆ అతుకువాక్యం తాలూకు లెక్క నూటికి 0.08. నూటికి 0.1 కన్నా తగ్గితే మంచి దశ. ఇబ్బందులు లేకపోలేదు. పొద్దున లేచేసరికి కళ్ళ చుట్టూ ఉబ్బు. రాత్రుళ్ళు పిక్కలు పట్టేయడం. ఇంకొకటి, బాబాయి తెల్లబడ్డాడు. నల్లని నిగనిగలాడే మనిషి గోధుమరంగుకు వచ్చాడు. ఈ మందు ఏబుల్‌తో పాటు కిట్ అనే మరో కైనేజును కూడా అడ్డుకుంటుంది, చర్మానికి రంగునిచ్చే కణాలకు ఆ కిట్ అవసరం. అశోక్ నగర్‌లో ఇరుగుపొరుగు ఆడవాళ్ళు ఏ సబ్బు వాడుతున్నారని పిన్నిని అడిగేవాళ్ళు.

ఇక నా సంగతి. 2010 చలికాలంలో ఒక సాయంత్రం నారాయణగూడలో రక్తం ఇచ్చి, వై.ఎం.సి.ఎ. కూడలి దాటి, చిక్కడపల్లి వైపు నడుస్తున్నాం. బాబాయి మామూలుగా అడిగాడు, "ఈ మాత్ర ఒకసారి వేసుకుంటే ఒంట్లో ఎంతసేపుంటుందిరా?"

ఆ రోజుల్లో నాకు శాస్త్రపదాలన్నిటికీ తెలుగు పుట్టించే పిచ్చి ఉండేది. ఈ పిచ్చి మీలో చాలామందికి తెలిసిందే. "దాని అర్ధాయువు 18 గంటలు బాబాయ్" అన్నాను. అర్ధాయువు! ఎంత మంచి మాట కుదిరిందో అని నాలో నేనే మురిసిపోయాను. ప్రాణాపాయంలోంచి బయటపడి నాలుగేళ్ళైన మనిషితో ఆ మాట అంటున్నానన్న స్పృహ లేదు. అంటే ఏమిటన్నాడు. 18 గంటలకు సగం, 36 గంటలకు పావు, అలా తగ్గుతూ పోతుందన్నాను. "ఓహో. అయితే రెండో రోజుకి కూడా ఎంతో కొంత ఉంటుందన్నమాట" అన్నాడు. "ఉంటుంది" అన్నాను. నిజమే గదా. గ్రంథాలయం ముందు మిరపకాయ బజ్జీలు తిని ఇంటికి పోయాం.

ఆ మరుసటి ఏడు మా చెల్లెలి పెళ్ళి కుదిరింది. అచ్చుకూటం అప్పటికే చివరి ఊపిరి మీద ఉంది. శుభలేఖలన్నీ ఆఫ్‌సెట్‌కు పోయాయి, సన్మానాల ఆహ్వానాలు ఫ్లెక్సీలకు పోయాయి. కంపోజిటర్లలో ఒకాయన అశోక్ నగర్ కోచింగ్ సెంటర్ల దగ్గర జిరాక్సు కొట్టులో చేరాడు. కూతురి శుభలేఖ మాత్రం బాబాయి తానే సీసపు అక్షరాలతో పేర్చి, ట్రెడిల్ మీద తానే అచ్చు వేశాడు. దాని మీద వేసిన చివరి పని అదే. పిన్ని వెండి కుంకుమ భరిణె పట్టుకుని అశోక్ నగర్ నుంచి గాంధీనగర్ దాకా ఇంటింటికీ తిరిగి బొట్టు పెట్టి పిలిచింది. అదే నెలలో బాబాయి రోజు విడిచి రోజు మాత్ర వేసుకోవడం మొదలుపెట్టాడు. ఎవరికీ చెప్పలేదు. నెలకు పదిహేను మాత్రలు మిగులుతున్నాయి. పెళ్ళయ్యాక అప్పులు తీరేదాకా అలాగే సాగించాడు.

నేను కనిపెట్టవలసింది. 2012 సంక్రాంతికి పోతే పిన్ని సంబరంగా, "మీ బాబాయి మళ్ళీ మునుపటిలా నల్లబడ్డారు చూశావా? పిక్కలు కూడా పట్టేయడం లేదట. ఒంట్లో నెమ్మదించింది" అంది. నిజంగానే నల్లబడ్డాడు. కళ్ళ కింద ఉబ్బు లేదు. నేను సంతోషించాను. రంగు తిరిగి వచ్చిందంటే కిట్ మీద అడ్డు తొలగిందని, అంటే మందు చాలినంత అందడం లేదని, కైనేజుల మీద పరీక్ష రాసి మార్కులు తెచ్చుకున్నవాడికి తట్టలేదు. అరిసెలు తిని వచ్చేశాను.

చెయ్యవలసిన పరీక్షను కూడా బాబాయి ఒకసారి దాటేశాడు, ఖర్చని. మార్చిలో చేయించాడు. 0.08 ఉండవలసినది 2.4. డాక్టరు గారు కాగితం పక్కన పెట్టి, "మందు చీటీలు, బిల్లులు తీసుకురండి" అన్నారు. బిల్లులు లెక్కపెడితే సగం నెలలు లేవు. బాబాయి దాచలేదు. "18 గంటలకు సగమే గదండీ పోయేది" అన్నాడు. పక్క కుర్చీలో నేనున్నాను. డాక్టరు గారు నావైపు చూడలేదు. ఆయనకు తెలియదు ఆ లెక్క ఎవరిదో.

నేను చెప్పినది అబద్ధం కాదు, సగం. మిగతా సగం ఇది. మాత్రలు రోజూ వేసుకుంటూ ఉంటే పాతదాని మిగులు కొత్తదానికి తోడై, మర్నాటి మాత్ర వేసుకునే ముందు కూడా ఒక మాత్రలో మూడింట రెండొంతుల పాటి మందు ఒంట్లో ఉంటుంది. రోజు విడిచి రోజైతే, తరువాతి మాత్ర ముందు మిగిలేది ఐదోవంతు కూడా కాదు. ఖర్చు సగానికి తగ్గింది. అడుగున నిలవవలసిన మందు మాత్రం మూడోవంతుకన్నా తక్కువకు పడిపోయింది. కాగితం, పెన్సిలు ఉంటే ఐదు నిమిషాల లెక్క. ఏటీపీ కణంలో ఎప్పుడూ పుష్కలంగా ఉంటుంది. గుంట ఎప్పుడు ఖాళీ అవుతుందా అని కాచుకుని ఉంటుంది. ఆ ఎంజైముకు నిద్ర లేదు. నేను బాబాయికి ఆ సాయంత్రం చెప్పవలసింది మందు ఎంతసేపుంటుందని కాదు, ఆ చెయ్యి ఎప్పుడూ ఊరుకోదని. లండన్ వైద్యులు కొందరు మాత్రల సీసా మూతలో చిప్పు అమర్చి, ఎన్నిసార్లు తెరిచారో లెక్కపెట్టి 2010లోనే ప్రకటించారు. రాసిన మాత్రల్లో నూటికి ఎనభైకి మించి వేసుకోని వాళ్ళలో ఒక్కరికీ లెక్క మంచి దశకు దిగలేదట. బాబాయి వేసుకున్నది యాభై. ఆ వ్యాసం వచ్చిన ఏడే నేను అర్ధాయువు అన్న మాటకు మురిసిపోయాను.

తరువాతి రెండు వారాలు నా జీవితంలో పొడవైనవి. మందు అరకొరగా అందుతున్నప్పుడు మారిన కణాలు తలెత్తే వీలుంటుంది. ఎంజైములో 315వ స్థానంలో ఒక్క ఆమైనో ఆమ్లం, థ్రియోనిన్‌కు బదులు ఐసోల్యూసిన్ పడితే చాలు, ఇమాటినిబ్ ఆ గుంటలో పట్టదు. ఒక్క అక్షరం. దానికి మందు అమెరికాలో ఆ ఏడాది చివరికి గాని రాలేదు. నారాయణగూడలో ఇచ్చిన రక్తం ఎక్కడికో పోయి, మార్పు ఏదీ లేదన్న కాగితం తిరిగి వచ్చింది. ఆ రోజు నేను చిక్కడపల్లి వేంకటేశ్వరస్వామి గుడి మెట్ల మీద చాలాసేపు కూర్చున్నాను. లోపలికి పోలేదు.

మాత్ర మళ్ళీ రోజూ మొదలైంది. లెక్క 0.1 కిందికి దిగడానికి పద్నాలుగు నెలలు పట్టింది. ఆ మధ్యలోనే, 2013 ఏప్రిల్ 1న, నోవార్టిస్ అప్పీలును సుప్రీంకోర్టు కొట్టివేసింది. పేపరులో ఆ వార్త బాబాయి రెండుసార్లు చదివి, శీర్షికలో ఒక దీర్ఘం తప్పు పడిందన్నాడు. పిన్ని బాబాయితో ఆ విషయం మీద ఒక్క మాట కూడా అనలేదు. కానీ అప్పటినుంచి ప్రతి రాత్రీ ఎనిమిదిన్నర దాటాక నా ఫోను రెండుసార్లు మోగి ఆగిపోతుంది. వేసుకున్నారని అర్థం. ఇలా చెయ్యమని నేను అడగలేదు. ఎందుకు నాకే చేస్తోందో కూడా అడగలేదు.

నా తప్పు మాత్రం నేను చెప్పుకోలేదు. నిరుడు రక్తం ఇవ్వడానికి పోయినప్పుడు చెప్పాను. ఇప్పుడు చిక్కడపల్లి నుంచి నారాయణగూడకు మెట్రోలో ఒక్క స్టేషను, అయినా బాబాయి నడుస్తానంటాడు. డెబ్భై ఏడేళ్ళు. అచ్చుకూటం ఉన్న సందులో ఇప్పుడు అపార్టుమెంటు. గ్రంథాలయం గోడ పక్కన పరీక్షలకు చదివే పిల్లలు ఎండలోనే పుస్తకాలు తెరుచుకుని కూర్చున్నారు. సరిగ్గా ఆ బజ్జీల బండి ఉండే చోటికి వచ్చాక, "ఆ 18 గంటల లెక్క నేను సగం చెప్పాను బాబాయ్, అందువల్లే..." అన్నాను.

"నీవల్ల కాదులే" అన్నాడు. "ముహూర్తం పెట్టుకున్న రోజే మాత్రలు పూర్తిగా ఆపేద్దామనుకున్నాన్రా. పెళ్ళయ్యేదాకా. నువ్వు చెప్పిన లెక్క గుర్తొచ్చి, పోనీ రెండు రోజులకొకటైనా వేసుకుందామని వేసుకున్నాను."

ఇది నిజమా, నాకోసం అప్పటికప్పుడు పేర్చిన వాక్యమా, ఇప్పటికీ తేల్చుకోలేకుండా ఉన్నాను. అబద్ధమాడేటప్పుడు ఆయన కళ్ళజోడు తుడుచుకుంటాడు. ఆ రోజు తుడుచుకోలేదు. అయితే ఆ రోజు కళ్ళజోడు పెట్టుకోలేదు కూడా.

పది రోజులకు ఫలితం వచ్చింది. 0.01 కన్నా తక్కువ. ఇలా చాలాకాలం నిలకడగా ఉన్నవాళ్ళలో కొందరికి, జాగ్రత్తగా పరీక్షలు చేస్తూ, మాత్ర ఆపి చూడవచ్చునని డాక్టరు గారు ఇదివరకే అన్నారు. బాబాయి ఆలోచిస్తానన్నాడు, ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాడు. కాగితం చేతికిస్తే అంకె చూడకుండా ముందు పైనున్న వివరాలు చదివాడు. ఇంటిపేరులో ఒక అక్షరం తప్పు పడింది. జేబులోంచి పెన్ను తీసి, పక్కన ప్రూఫు గుర్తు పెట్టి, దిద్దించుకుని రమ్మని నన్ను మళ్ళీ కౌంటరు దగ్గరికి పంపించాడు.